నాలుగింటి సముద్రం

మూడోసారి నీళ్ళు మార్చాక గానీ దుప్పటి దారికి రాలేదు. మబ్రూకా దాన్ని మెలిపెట్టి, ఒక కొస మోకాలి కింద నొక్కిపట్టి, ఆఖరి చుక్క దాకా పిండింది. నలభై ఏళ్ళుగా బట్టలుతికిన చేతులు అవి. తడిబట్ట బరువును బట్టే ఇంకెంత పిండాలో వాటికి తెలుస్తుంది. బడి వెనక గోడకీ అంజూరపు చెట్టుకీ మధ్య కట్టిన తాడు మీద దుప్పటి పరిచి అంచులు లాగుతుంటే, అవతల చక్రాల కుర్చీ కిర్రుమంది.

"మళ్ళీ వచ్చావా," అంది మబ్రూకా, చూడకుండానే.

దుర్రాకి మాట రావడానికి కాస్త సమయం పడుతుంది. ముందు మెడ ఒక పక్కకి తిరుగుతుంది. కుడిచెయ్యి తనంతట తాను పైకి లేస్తుంది. పెదవి చివర చొంగ చేరుతుంది. ఆ తర్వాత మాట బయటికొస్తుంది. తొందరలో ఉన్నవాళ్ళు ఈలోపే వెళ్ళిపోతారు. మబ్రూకాకి తొందరేం లేదు, తొట్టి పక్కన ఇంకా ఏడు దుప్పట్లున్నాయి.

"అది... నాదేనా?"

"ఎవరిదైతేనేం. ఉతికాక అన్నీ ఒకటే."

"నాదే," అంది దుర్రా. "రోజూ... రాత్రి నేనే తడుపుతా. తప్పయిపోయింది పిన్నీ."

పదకొండేళ్ళ పిల్ల రోజూ పొద్దున్నే వచ్చి క్షమాపణ చెప్పుకుంటుంటే మబ్రూకా వినలేకపోయేది. జాలిని కోపంగా మార్చుకోవడం ఆమెకు అలవాటు. "తప్పేంటి, మొహం కడుక్కున్నట్టే ఇదీను. ఈ మాట ఇంకోసారి అంటే నిన్నే తొట్టిలో ముంచి తాడు మీద ఆరేస్తా," అంది. దుర్రా నవ్వింది. దుర్రా నవ్వితే ఒళ్ళంతా నవ్వుతుంది, కుర్చీ కూడా కదులుతుంది.

పిల్లలు కెర్కెనా దీవికొచ్చి నాలుగు రోజులైంది. వేసవిలో ఆ బడిని శిబిరానికిస్తారు, తరగతి గదుల్లో బల్లలు తీసేసి మంచాలు వేస్తారు. ఈసారి వచ్చినవాళ్ళు పదకొండు మంది, అందరూ సముద్రం మొహం చూడని కొండ ఊళ్ళ పిల్లలు. నడవలేనివాళ్ళు ఎక్కువమంది, చూపు లేనివాళ్ళు ఇద్దరు, దుర్రాలాగా ఒళ్ళు తమ మాట వినని వాళ్ళు ముగ్గురు. వాళ్ళు పడుకునే గది నుంచి సముద్రానికి వంద అడుగులు వేస్తే చాలు. మధ్యాహ్నం ఊరంతా తలుపులు మూసుకుని నిద్రపోయే వేళ, నీటి మీది వెలుగు కిటికీలోంచి వచ్చి గది కప్పు మీద కదులుతూ ఉంటుంది. పదకొండు మందీ మంచాల మీద వెల్లకిలా పడుకుని దాన్నే చూస్తారు. చూపులేని ఇద్దరికీ పక్క మంచం వాళ్ళు చెబుతుంటారు, ఇప్పుడు మూలకెళ్ళింది, ఇప్పుడు ఫ్యాను దగ్గరకొచ్చింది అని. నాలుగు రోజుల్లో వాళ్ళకి దక్కిన సముద్రం అంతే. ఒక్కరి కాలివేలైనా తడవలేదు.

దానికి కారణం ఒక కుర్చీ. పుచ్చకాయలంత పసుపుపచ్చ చక్రాలతో, నీళ్ళలోకి తోసుకెళ్ళే కుర్చీ. స్ఫాక్స్ పట్నంలోని ఒక సంఘం వాళ్ళు దానమిచ్చారు. అది సామాన్ల గదిలో పాలిథిన్ కవరు కూడా విప్పకుండా ఉంది. శనివారం పొద్దున పదింటికి సంఘం అధ్యక్షురాలు రఫీకా మేడమ్ ఓడ మీద వచ్చి రిబ్బను కత్తిరిస్తుంది. అప్పటిదాకా కుర్చీని ఎవరూ ముట్టుకోకూడదు, పిల్లలెవరూ నీళ్ళలోకి దిగకూడదు. ఇది శిబిరం అధికారి లమీన్ గారి మాట. రాజధాని తూనిస్ నుంచి వచ్చాడాయన. చెడ్డవాడేం కాదు, పిల్లల మందుల వేళలు వేళ్ళ మీద ఉంటాయి. కానీ భయస్థుడు. "ఒక్క పిల్లకి ఏదన్నా అయితే వచ్చే ఏడు శిబిరమే ఉండదు," అంటాడు. అందుకని సముద్రం ఒడ్డునే కూర్చుని పిల్లలు పొద్దుటి పూటంతా హాల్లో కాగితపు చేపలు కత్తిరిస్తున్నారు.

"పిన్నీ," అంది దుర్రా. "నిజంగా ఉప్పగా... ఉంటుందా?"

"ఉండక. నా చేతులు చూడు, ఎలా చీరుకుపోయాయో."

"అమ్మ... చెప్పమంది. వచ్చాక."

మబ్రూకా చెయ్యి తుడుచుకుని బకెట్ తీసుకెళ్ళింది. గట్టు దిగి, చీలమండల దాకా నీళ్ళలోకి నడిచి, తేటనీళ్ళు ముంచి తెచ్చి దుర్రా ఒళ్ళో పెట్టింది. దుర్రా బకెట్‌లోకి చాలాసేపు చూసింది. చెయ్యి ముంచలేదు. మొహం పక్కకి తిప్పేసుకుంది.

"ఇది బకెట్," అంది.

మబ్రూకాకి నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. ఆకలితో ఉన్నవాడికి వంట వాసన చూపించినట్టయింది తను చేసిన పని. నీళ్ళు అంజూరపు చెట్టు మొదట్లో పోయబోయి, ఉప్పని గుర్తొచ్చి, గోడవతల పారబోసింది.

"నేనే మొదట ఎక్కుతా," అంది దుర్రా, బకెట్ సంగతి మర్చిపోయి. "ఓడ మీద సార్ చెప్పారు. ఎవరు ముందడిగారో... వాళ్ళే మొదట. నేనడిగా."

అది నిజమే. ఓడ మీద గాలి బాగుండి, లమీన్ గారి మనసు కూడా బాగుండి, ఆ మాట అన్నాడు. ఆయనకది గుర్తుందో లేదో గానీ, దుర్రా దాన్ని నాలుగు రోజులుగా దిండు కింద పెట్టుకుని పడుకుంటోంది.

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి, ఎండ మెత్తబడ్డాక, రేపటి కార్యక్రమం ఎలా జరగాలో ఒకసారి చేసి చూశారు. సముద్రం నిండుగా ఉంది. గట్టు కింది ఇసుకంతా మునిగిపోయి, నీళ్ళు ఆఖరి మెట్టును నాకుతున్నాయి. కెర్కెనా సముద్రానికి అలలుండవు. మైళ్ళకొద్దీ మోకాలి లోతే, ఎవరో తీరిగ్గా పరిచినట్టు ఉంటుంది. దూరంగా ఖర్జూరపు మట్టలు పాతి కట్టిన చేపల దడులు నీళ్ళలోంచి నల్లగా పైకి కనిపిస్తున్నాయి. అందులో ఒకటి మబ్రూకా పుట్టింటివాళ్ళది. ఆ దడికి ఆసరాగా నిలబడే ఆమె నడక నేర్చుకుందని వాళ్ళమ్మ చెప్పేది.

పిల్లల్ని గట్టు మీద వరసగా కూర్చోబెట్టారు. అందరూ నోరెత్తకుండా నీళ్ళకేసి చూస్తున్నారు. లమీన్ గారు కొలతలు వేసుకుంటున్నాడు. "మేడమ్ ఇక్కడ నిలబడతారు. రిబ్బను ఇక్కడ. కుర్చీ ఇలా మెట్టు పక్కనుంచి నీళ్ళలోకి వెళ్తుంది. ఫోటో ఆయన అక్కడ."

దుర్రా చెయ్యి అప్పుడే పైకి లేచింది. ఈసారి అది తనంతట తాను లేచింది కాదు, ఆమె లేపిందే. ఆయన చూశాడు. జేబులోంచి రుమాలు తీసి, దగ్గరికొచ్చి, ఆమె గడ్డం తుడిచాడు. తుడిచిన తీరు మెత్తగానే ఉంది. తర్వాత రుమాలు మడిచి, వరసలో ఇంకో చివరికి నడిచి, ఐహమ్ భుజం మీద చెయ్యేశాడు. ఐహమ్‌కి ఎనిమిదేళ్ళు, కాళ్ళు రెండూ పుట్టినప్పటి నుంచీ పనిచేయవు, నవ్వితే రెండు బుగ్గలూ సొట్టలు పడతాయి.

"నువ్వు కూర్చుంటావురా బాబూ. కెమెరా వైపు చూసి నవ్వాలి, సరేనా?"

"సార్, దుర్రా కదా మొదట," అన్నాడు ఐహమ్. అందరికీ తెలిసిన సంగతే అది.

"దుర్రా తర్వాత కూర్చుంటుంది. ఫోటోలో కదలకుండా ఉండాలి కదా. దుర్రాకి కష్టం. ఏం దుర్రా, అర్థం చేసుకుంటావుగా, పెద్దపిల్లవి."

దుర్రా మాట తయారయ్యేలోపు ఆయన వెళ్ళిపోయాడు. పైకెత్తిన చెయ్యి మాత్రం కిందికి దిగలేదు, దించడం ఆమె చేతిలో లేదు. మబ్రూకా వెళ్ళి దాన్ని పట్టుకుని ఒళ్ళో పెట్టి, అలాగే కాసేపు పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

అప్పుడే ఆమెకి తట్టింది. రేపు పదింటికి ఇక్కడ నీళ్ళుండవు.

ఇవాళ పున్నమి. పున్నమికీ అమావాస్యకీ ఈ సముద్రం నాలుగింటికి నిండుతుంది, పొద్దున పదింటికల్లా కనుచూపు మేర దాకా వెనక్కి పోతుంది. దీవిలో పాలుతాగే పిల్లలు తప్ప ఇది తెలియనివాళ్ళుండరు. తూనిస్ సముద్రం వేరు. అది ఎక్కడుండాలో అక్కడే ఉంటుంది, గోడలాగా. ఆదివారం ఈయన వచ్చినప్పుడు చంద్రుడు సగం దాటి కొంచెమే, నీళ్ళు పెద్దగా కదల్లేదు. ఆ తర్వాత పొద్దున పూటలన్నీ ఆయన హాల్లో కాగితపు చేపల మధ్య, ఫోన్ పట్టుకునే గడిపాడు. సముద్రాన్ని ఏ వేళకి రమ్మంటే ఆ వేళకి వస్తుందనుకున్నాడు కాబోలు.

"సార్, రేపు పదింటికంటే..." అంది మబ్రూకా.

"ఆఁ, బాగా గుర్తుచేశావు. బల్లమీదికి తెల్లదుప్పటి కావాలి, ఇస్త్రీ చేసి పెట్టు. పిన్నులు కూడా పట్రా."

"అది కాదు సార్, నీళ్ళు..."

"నీళ్ళ సీసాలు వంటమనిషి చూసుకుంటుంది. నీ పని నువ్వు చూసుకో తల్లీ, నన్ను చంపకండి అందరూ కలిసి."

మబ్రూకా నోరు మూసుకుంది. మూసుకున్న నోట్లో ఆ మాట కాసేపు చేదుగా ఉంది. ఆ తర్వాత, నిజం చెప్పాలంటే, తియ్యగా మారింది. పొద్దుగూకేలోగా అన్న హమ్మాదీ ఇంటికెళ్ళింది. అతను పెరట్లో ఖర్జూరపు ఈనెలతో చేపల బుట్ట అల్లుతున్నాడు. బుట్ట మూతి దగ్గర ఒక్కో ఈనెనూ పంటితో పట్టి వంచి లోపలికి దూరుస్తున్నాడు. సంగతంతా విని, ఈనె నోట్లోంచి తీసి నవ్వాడు.

"పదింటికా? సముద్రం ఇటలీ దాకా పోయుంటుందే అప్పటికి. చెప్పావా ఆయనకి?"

"చెప్పబోయా. వినలేదు."

"మళ్ళీ చెప్పకపోయావా?"

"అడగనీ, చెప్తా."

హమ్మాదీ చెల్లెలి మొహంలోకి చూసి, మళ్ళీ ఈనె పంటికి తగిలించుకున్నాడు. తూర్పున చంద్రుడు గుండ్రంగా, ఎర్రగా పైకొస్తున్నాడు. రేపు రఫీకా మేడమ్ బూట్లు ఏ రంగువైతే బాగుంటుందో ఊహించుకుంటూ మబ్రూకా ఇంటికి నడిచింది.

అవి తెల్లబూట్లు.

పదింటికి గట్టు మీద నిలబడి చూస్తే సముద్రం ఎక్కడో ఒక గీత. గట్టుకీ ఆ గీతకీ మధ్య అంతా బూడిదరంగు నేల. అక్కడక్కడా పచ్చగడ్డి నీటి గుర్తుగా వాలి పడుకుని ఉంది. గుంటల్లో మిగిలిన నీళ్ళు మెరుస్తున్నాయి. కలలో తెలిసిన ఇంటికి వెళ్తే గోడలు లేకపోయినట్టు ఉంది. లమీన్ గారు మెట్టు మీద నిలబడి ఒకసారి చూశాడు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఇదేంటి?" అన్నాడు ఎవరినని కాకుండా.

రిబ్బను కత్తిరించడం అయింది. చప్పట్లు కొట్టారు. ఫోటో ఆయన నీళ్ళు కావాలన్నాడు. అరవై అడుగుల దూరంలో ఒక గుంట మెరుస్తోంది, దాని దాకా తోసుకెళ్తే నీళ్ళలో ఉన్నట్టే కనిపిస్తుందన్నాడు. ఐహమ్‌ని కూర్చోబెట్టి ఇద్దరు తోశారు. పుచ్చకాయ చక్రాలు ఇసుక మీద బాగానే దొర్లాయి. గుంట దగ్గర బురద మొదలయ్యేసరికి ఒక పక్కకి ఒరిగి, జానెడు లోతు దిగబడ్డాయి. పక్కనే నడుస్తున్న మేడమ్ తెల్లబూటు కూడా దిగబడింది. ఆమె కాలు లాగితే కాలొచ్చింది, బూటు రాలేదు. గట్టు మీద ఎవరో కిసుక్కుమన్నారు. మబ్రూకా పెదవులు బిగించుకుంది, కడుపులో మాత్రం పండగే.

"బరువెక్కువైపోయింది, అందుకే," అంది మేడమ్ విసుగ్గా. దగ్గర్నుంచి రెండు ఫోటోలు తీశారు. ఐహమ్ చెప్పినట్టే నవ్వాడు. తర్వాత మేడమ్‌ని పట్టుకుని గట్టెక్కించి, కాళ్ళు కడిగించి, భోజనాల దగ్గరికి తీసుకెళ్ళారు. పన్నెండింటి ఓడకే ఆమె వెనక్కి పోవాలి. "మనుషుల్ని పంపిస్తా, ఒక్క నిమిషం," అంటూ లమీన్ గారు వెనకే పరిగెత్తాడు. పది నిమిషాలైనా ఎవరూ రాలేదు.

ఎండలో, ఆ బూడిద నేల మధ్య, పసుపుపచ్చ కుర్చీలో పిల్లాడు ఒక్కడే ఉన్నాడు. మబ్రూకా గౌను ఎగదోపుకుని వెళ్ళింది. ఐహమ్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆపమని వాడికెవరూ చెప్పలేదు. కళ్ళలోంచి నీళ్ళు సొట్టల్లోకి కారుతున్నాయి.

"పిన్నీ, నేను అంత బరువున్నానా?"

"ఏంట్రా?"

"ఆవిడ అంది కదా. నావల్లే దిగబడిపోయింది. దుర్రా సన్నగా ఉంటుంది. దుర్రా కూర్చునుంటే దిగబడేది కాదు."

మబ్రూకా కడుపులో పండగ ఆగిపోయింది. ఈ బురదని తను ఎవరికోసం దాచి పెట్టిందో వాళ్ళు కాళ్ళు కడుక్కుని చేపలు తింటున్నారు. దిగబడింది వీడు. నిన్న సాయంత్రం ఇంకో రెండు మాటలు గట్టిగా అనుంటే వీడిక్కడ ఉండేవాడు కాదు. ఆ రెండు మాటలూ తన నోట్లోనే ఉన్నాయి, తను వాటిని చప్పరిస్తూ కూర్చుంది. ఇంత వయసొచ్చి తను చేసిన పనికి ఆమెకి తల కొట్టేసినట్టయింది.

"నీవల్ల కాదురా నాన్నా. ఇక్కడ ఏనుగైనా దిగబడుతుంది, ఈగైనా దిగబడుతుంది. ఈ వేళకి నీళ్ళుండవని నాకు నిన్నే తెలుసు. నేను చెప్పలేదు."

"ఎందుకు?"

మబ్రూకా వాడి చేతులు తన మెడ చుట్టూ వేసుకుని, వీపు మీద ఎక్కించుకుని లేచింది. ఈకంత బరువున్నాడు.

లమీన్ గారు మేడమ్‌ని ఓడెక్కించి వచ్చి, వరండా మెట్టు మీద కూర్చుని, పుల్లతో బూటు అడుగున బురద గీక్కుంటున్నాడు. శిబిరం ఇవాళ్టితో ఆఖరు, సాయంత్రం ఐదున్నరకి ఓడరేవుకి బస్సు. పిల్లల సంచులు అప్పుడే గుమ్మం దగ్గర పెట్టేశారు. మబ్రూకా వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"సార్, పొద్దున నీళ్ళుండవని నాకు తెలుసు."

పుల్ల ఆగింది. "తెలిస్తే చెప్పొద్దా?"

"చెప్పబోతే పిన్నులు తెమ్మన్నారు. అది మీ తప్పు. ఆ తర్వాత, మీరు బురదలో పడితే చూద్దామని ఊరుకున్నాను. అది నాది. మధ్యలో పిల్లాడు ఏడ్చాడు."

కోప్పడతాడనుకుంది, ఉద్యోగం పోతుందనుకుంది. ఆయన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఓడ మీద ఆ పిల్లకి మాటిచ్చాను," అన్నాడు. "నిన్న రాత్రి గుర్తొచ్చింది."

"నీళ్ళు మూడింటికి వస్తాయి సార్. నాలుగింటికి నిండుతాయి. మా అన్నకి కంచరగాడిద బండి ఉంది. పిల్లల్ని కుర్చీ ఉన్నచోట కూర్చోబెడదాం."

"నీళ్ళలోకి తీసుకెళ్ళడానికి నా దగ్గర అనుమతి లేదమ్మా."

"నీళ్ళలోకి ఎవరు తీసుకెళ్తామన్నారు? అక్కడ నీళ్ళే లేవు. నేల మీద చాప వేసి కూర్చోబెడతాం, అంతే."

లమీన్ గారు ఆమెని చూశాడు, సముద్రం పోయిన వైపు చూశాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. "నేను కాసేపు పడుకుంటాను," అన్నాడు లేస్తూ. "మూడున్నర దాకా నన్నెవరూ లేపొద్దు."

హమ్మాదీ బండి మూడుసార్లు తిరిగింది. దడులకి మట్టలు మోసే బండి అది. బురద ఎక్కడ గట్టో ఎక్కడ మెత్తనో కంచరగాడిదకి తెలుసు. ఇద్దరు ఆయాలు పిల్లల్ని పట్టుకున్నారు, హమ్మాదీ నాలుగు కర్రలు పాతి పడవ తెరచాప నీడగా కట్టాడు. సముద్రపు గడ్డి ఒంటికి గుచ్చుకుంటుందని మబ్రూకా చాపల మీద దుప్పట్లు పరిచింది. ఆరు రోజులు ఉతికి, ఆరేసి, మడతపెట్టిన తెల్ల దుప్పట్లు అన్నీ తెచ్చేసింది. ఒక ఆయా అయ్యో అంది. "సోమవారం మళ్ళీ ఉతుకుతాలే," అంది మబ్రూకా.

కూర్చోలేనివాళ్ళ వెనక ఒకళ్ళు కూర్చుని ఆనించుకున్నారు. దుర్రా వెనక మబ్రూకా కూర్చుంది. ఐహమ్ దిగబడ్డ కుర్చీలోనే కూర్చుంటానన్నాడు. అందరూ ఆ గీతకేసి చూస్తున్నారు. చాలాసేపు ఏమీ జరగలేదు. గాలి ఆగింది. కంచరగాడిద తోక ఊపింది. చూపులేని పిల్లల్లో ఒకడు తల పైకెత్తి, "వస్తోంది," అన్నాడు. మిగతావాళ్ళకి ఇంకా ఏమీ కనపడలేదు.

తర్వాత గడ్డి లేచింది. పడుకున్న గడ్డి పరకలు ఒక్కొక్కటే, ఎవరో నిద్ర లేపినట్టు, తలలు ఎత్తడం మొదలుపెట్టాయి. వాటి మధ్యనుంచి పల్చటి నీళ్ళు, వేలెడు లోతైనా లేని నీళ్ళు, చప్పుడు చెయ్యకుండా వచ్చాయి. గుంటని నింపి, పక్క గుంటలోకి పొర్లాయి. చాప అంచు తడిసి నల్లబడింది. పిల్లలెవరూ అరవలేదు. గది కప్పు మీద తిరిగిన వెలుగు ఇప్పుడు వాళ్ళ గడ్డాల కింద, చేతుల మీద, తెరచాప మీద కదులుతోంది. నీళ్ళు పాదాలకి తగిలాయి. పనిచేసే పాదాలకీ, పనిచేయని పాదాలకీ తేడా పెట్టలేదు.

మూడున్నరకి లమీన్ గారు ప్యాంటు మడుచుకుని, చెప్పుల్లేకుండా, పిక్కల లోతులో నడుచుకుంటూ వచ్చాడు.

"నీళ్ళలోకి తీసుకెళ్ళనన్నావు," అన్నాడు.

"తీసుకెళ్ళలేదు సార్. అవే వచ్చాయి."

ఆయన నవ్వలేదు. దుర్రా ముందు నీళ్ళలో అలాగే కూర్చుండిపోయాడు, ప్యాంటుతో సహా. "నీదే మొదటి వంతు అన్నాను," అన్నాడు ఆమెతో. "నిలబెట్టుకోలేదు." ఈసారి ఆమె జవాబు కోసం ఆగాడు. మెడ తిరిగింది, చెయ్యి లేచింది, నీళ్ళు ఆయన కళ్ళజోడు మీద చిందాయి. ఆయన కదల్లేదు.

"అందరికీ... ఒకేసారి... వచ్చింది," అంది దుర్రా. "వంతు లేదు."

అటుపక్క ఐహమ్ కేకేశాడు. బురదలోంచి పసుపుపచ్చ చక్రాలు వాటంతటవే పైకొచ్చి, కుర్చీ నీళ్ళ మీద తేలుతోంది. హమ్మాదీ ఒక వేలితో దాన్ని తిప్పుతుంటే వాడు రాజులా గుండ్రంగా తిరుగుతున్నాడు. తను బరువు లేనని అందరికీ చెబుతున్నాడు.

నీళ్ళు దుర్రా నడుం దాకా వచ్చాయి. మబ్రూకా చేతుల్లో ఆ పిల్ల ఒళ్ళు నెమ్మదిగా తేలికైంది. ఎప్పుడూ బిగుసుకుని ఉండే మోకాళ్ళు వాటంతటవే విడి, దుప్పటి మీద చాపుకున్నాయి. కుడిచెయ్యి నీటి మీద ఉండిపోయింది, లేవలేదు. దుర్రా నాలుక బయటపెట్టి, వంగి, నీళ్ళు రుచి చూసి, మొహం చిట్లించింది. తర్వాత తన కింద పూర్తిగా తడిసిపోయి, అంచులు తేలుతున్న తెల్ల దుప్పటిని చూసింది. చూస్తూనే ఉంది. ఒళ్ళంతా కదిలేలా నవ్వు మొదలైంది.

"పిన్నీ," అంది. మాట కోసం మబ్రూకా ఆగింది. సముద్రం కూడా అప్పటికి నిండి, ఆగింది.

"ఇవాళ... నేను కాదు."

మబ్రూకా ఆ తడిజుట్టు మీద గడ్డం ఆనించుకుని, బస్సు హారన్ వినపడేదాకా అలాగే కూర్చుంది.